కొండ చూడ్డానికి పోదాం, కొనడానికి కాదు

డిసెంబరు వచ్చిందంటే అరకు ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. లంబసింగిలో మంచు చూడాలి. వంజంగి కొండెక్కి కాళ్ళ కింద మేఘాలు చూడాలి. బొర్రా గుహలు చూడాలి. అనంతగిరి కాఫీ తోటలో నిలబడి ఫోటో దిగాలి. రోడ్డు పక్కన బొంగు చికెన్ తినాలి. విశాఖపట్నం నుంచి రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వచ్చేవాళ్ళు కొందరు, రాత్రికి రాత్రి మోటారు సైకిళ్ళ మీద ఎక్కి వచ్చేవాళ్ళు కొందరు. మన పేటల పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. ఉండాలి కూడా.

ఈ మాట ముందే చెప్పాలి. షికారు పోవడం తప్పని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మన తాతలు ఊరి నడివీధిలో చెప్పులేసుకుని నడవలేదు. వాళ్ళు నడిచిన నడకంతా పనికి పోయే నడక, పని నుంచి వచ్చే నడక. సరదాగా నడవడం, చెరువు గట్టు మీద కూర్చోవడం, హాలుకి పోయి సినిమా చూడటం - ఇవేవీ మనకి ఉత్తగా రాలేదు. 1927లో మహద్ చెరువు నీళ్ళు దోసిట పట్టడానికి బాబాసాహెబ్ వేల మందిని నడిపించాల్సి వచ్చింది. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది చెరువు నీళ్ళ దగ్గరే. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట దగ్గర రాజుకున్న పగ మన వాళ్ళని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేసే దాకా పోయింది. కాబట్టి మన కుర్రాడు ఒకడు కొండ మీద నిలబడి తీరిగ్గా సూర్యోదయం చూస్తున్నాడంటే నాకు సంతోషమే. అది వాడి హక్కు.

కానీ ఆ కొండ ఎవరిది? ఈ ప్రశ్న వేసుకోకుండా చూసి వచ్చేస్తే మనం కూడా అగ్రవర్ణాల వాడు చూసినట్టే చూసి వచ్చినట్టు.

కొన్నేళ్ళ కిందట ఆఫీసులో పనిచేసే వాళ్ళం పదిమందిమి కలిసి అరకు పోయాం. ఒక రిసార్టులో దిగాం. రాత్రి పచ్చిక మీద మంట వేశారు. కుర్చీలు వేశారు. ధింసా ఉంటుందన్నారు. పదిహేను మంది ఆడవాళ్ళు ఒకే రంగు చీరలు కట్టుకుని వచ్చి వరసగా నిలబడ్డారు. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, అందరూ ఒకే మనిషిలాగా అడుగు వేస్తుంటే చూడముచ్చటగానే ఉంది. ఓ పక్కన మగవాళ్ళు వాయిస్తున్నారు. అరగంట అయింది. వాళ్ళు ఆపబోయారు. కుర్చీల్లోంచి ఒకాయన లేచి 'ఏయ్, ఇంకోసారి' అన్నాడు. ఇంకోసారి ఆడారు. మళ్ళీ ఆపబోయారు. ఇంకొకాయన నోట్లు తీసి ఊపాడు. తాగి ఉన్న ఒకడు పోయి వరస మధ్యలో దూరి ఓ అమ్మాయి భుజం మీద చెయ్యి వేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ సంగతి దాచుకోవడం ఎందుకు?

తర్వాత ఆ ఆడవాళ్ళు గేటు బయట నేల మీద కూర్చుని ఆటో కోసం ఎదురు చూస్తున్నారు. నేను పోయి ఓ పెద్దామె పక్కన నిలబడ్డాను. 'అలిసిపోయారా అమ్మా' అన్నాను.

'ఏటి చెప్తాం బాబూ. మా ఊళ్ళో చైత్రం పండక్కి తెల్లార్లూ ఆడతాం. అలుపే ఉండదు. ఇక్కడ గంటాడితే కాళ్ళు పీకుతాయి' అంది.

'నన్ను బాబూ అనకమ్మా. మాది కిందన మాలపేట' అన్నాను.

ఆమె నా వంక ఎగాదిగా చూసి నవ్వింది. 'పేంటేసుకుని కుర్సీలో కూకున్నోళ్ళందరూ మాకు బాబులే' అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అది నా తాత మాట. మా తాత డప్పు కొట్టేవాడు. ఊళ్ళో పెళ్ళికి కొట్టాలి, చావుకి కొట్టాలి, జాతరకి కొట్టాలి, దండోరాకి కొట్టాలి. రానంటే కుదరదు. కొట్టింది చాలంటే కుదరదు. ఆపమన్నప్పుడే ఆపాలి. ఇచ్చింది పుచ్చుకోవాలి. అదే డప్పు పేటలో మన పెళ్ళికి కొడుతుంటే మా తాత మొహం వేరేగా ఉండేదని మా నాన్న చెప్పేవాడు. చెయ్యి అదే, డప్పు అదే, దరువు అదే. తేడా ఏమిటి? ఎవరు కొట్టమన్నారు, ఆపే హక్కు ఎవరిది - ఇదే తేడా.

బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టాడు. ఊరికి వంశపారంపర్యంగా చాకిరీ చేసే ఆ బతుకు మీద మన వాళ్ళు కూడా తిరగబడ్డారు. ఎన్నో ఊళ్ళలో మేం డప్పు కొట్టం అన్నారు. దెబ్బలు తిన్నారు, వెలివేతకి గురయ్యారు. ఆ తర్వాత అదే డప్పుని ఉద్యమం చేతికి తీసుకుంది. ఇవాళ సభల్లో మన పిల్లలు డప్పు కొడితే అది మన గొంతు. వారసత్వం అని పెద్దలు పెద్ద మాటలు మాట్లాడతారు. వారసత్వం గొలుసూ కాగలదు, గొంతూ కాగలదు. ధింసా వాయిద్యాల్లో మోరి, కిరిడి, తుడుము, జోడుకొమ్ములతో పాటు డప్పూ ఉంది. ఆ డప్పు చప్పుడు మనకి అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

ఇక ఆ రోడ్డు సంగతి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి పోయే ఘాట్ రోడ్డు మీద ఇవాళ కారు ఆపుకుని సెల్ఫీలు దిగుతున్నాం. వంద ఏళ్ళ కిందట ఆ దిక్కున రోడ్ల పని ఎవరి చేత చేయించారు? గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కొండజనాన్ని రోడ్డు పనికి తోలాడు. కూలి సరిగ్గా ఇవ్వలేదు. ఇంకో పక్క 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చిన దగ్గర్నించి అడవిలో పోడు కొట్టుకోనివ్వడం లేదు, కట్టె తెచ్చుకోనివ్వడం లేదు. ఆ కడుపుమంట నుంచి పుట్టిందే 1922-24 మన్యం తిరుగుబాటు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయారు.

ఆ పోరాటం అనగానే అల్లూరి సీతారామరాజు పేరు చెబుతాం. చెప్పాలి, ప్రాణం ఇచ్చిన మనిషి. 2022లో జిల్లాకే ఆ పేరు పెట్టారు. కానీ ఆయన పక్కన విల్లు పట్టి నిలబడిన వాళ్ళు ఎవరు? గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములు. గంటం దొర 1924లో తూటాకి నేలకొరిగాడు. మల్లు దొర జైలుకు పోయి, బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి గెలిచాడు. కొండకి షికారు వచ్చే ఎంతమందికి ఈ ఇద్దరి పేర్లు తెలుసు? వారసత్వం అంటే గుహలో శివలింగంలా ఉన్న రాయి మాత్రమేనా? కూలి ఎగ్గొట్టిన రోడ్డు వారసత్వం కాదా? ఆ రోడ్డు వేసిన వాళ్ళ చెమట వారసత్వం కాదా?

రైలు మార్గం సంగతీ అంతే. కొత్తవలస - కిరండూల్ లైను 1960ల్లో వేసింది మనం అరకు చూడ్డానికి కాదు. బైలదిల్లా ఇనుప రాయిని విశాఖ రేవుకి తెచ్చి జపానుకి ఎగుమతి చేయడానికి. కొండని తొలిచి రాయిని దింపుకుపోయే దారి ముందు వచ్చింది. చూడ్డానికి వచ్చే వాళ్ళు ఆ దారినే వెనక వచ్చారు.

ఇంత జరిగినా ఆ కొండల్లో భూమి ఇంకా చాలా వరకు ఆదివాసి చేతిలో ఎందుకు మిగిలింది? ఎవరి దయ వల్లా కాదు. 1967-70 మధ్య శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు లేచి నిలబడ్డారు. షావుకార్లు, భూస్వాములు మింగిన భూమి కోసం ప్రాణాలు ఇచ్చారు. ఆ వేడిలోనే 1959 నాటి భూమి బదలాయింపు రెగ్యులేషన్‌కి కోరలు పెట్టి 1970లో మొదటి రెగ్యులేషన్ తెచ్చారు. జనం నోట్లో అదే 1/70. అది చెప్పేది తేలిక. షెడ్యూల్డు ఏరియాలో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనరాదు, కౌలుకి తీసుకోరాదు, తాకట్టు పెట్టించుకోరాదు, దానంగా పుచ్చుకోరాదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మరాదు. గిరిజనేతరుడి చేతిలో భూమి కనపడితే అది గిరిజనుడి దగ్గర్నించి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే.

మరి సర్కారు భూమి? దానికీ జవాబు వచ్చింది. అది వచ్చింది కూడా మనం టికెట్టు కొని చూసే బొర్రా పక్క నుంచే. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనులు తవ్వడానికి సర్కారు కంపెనీలకి లీజులు ఇచ్చింది. సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1997 జులై 11న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు చెప్పిన తీర్పు ఏమిటంటే, ఈ చట్టం కింద సర్కారు కూడా ఒక 'వ్యక్తే'. సర్కారు కూడా షెడ్యూల్డు ఏరియాలో తన భూమిని గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదు. కేసు గనులది. కానీ ఆ సూత్రం గనికి ఒకటి, హోటలుకి ఒకటి కాదు. కొండని తవ్వే కంపెనీకి ఇవ్వకూడనిది, కొండ మీద ఈతకొలను కట్టే కంపెనీకి ఎలా ఇస్తారు?

అందుకే ఈ చట్టం వాళ్ళ కంట్లో నలుసు. 2024లో రాష్ట్రం టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ వెంటనే 2025 జనవరిలో విశాఖలో జరిగిన టూరిజం పెట్టుబడిదారుల సదస్సులో శాసనసభ స్పీకరు నోటి నుంచే వచ్చింది - ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే 1/70ని సవరించాలని. ఆదివాసులు ఊరుకోలేదు. ఫిబ్రవరిలో మన్యం బంద్ చేశారు. దుకాణాలు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, టూరిస్టు తావులు బోసిపోయాయి. దాంతో ముఖ్యమంత్రి చట్టం జోలికి పోము అని చెప్పాల్సి వచ్చింది.

గెలిచాం అనుకుని పడుకుందామా? నోటితో అన్న మాట వెనక్కి తీసుకోవచ్చు, మనసులో ఉన్న మాట ఎక్కడికీ పోదు. పైగా చట్టం మార్చకుండానే చేసే పనులు ఉన్నాయి. కాగితం మీద పేరు ఆదివాసిది, పెట్టుబడి కింద నుంచి వచ్చిన షావుకారుది. గిరిజన అమ్మాయిని పెళ్ళాడి ఆమె పేరు మీద పట్టా పుట్టించేవాడు ఒకడు. నోటి మాట కౌలు రాయించుకుని గుడారాలు వేసేవాడు ఒకడు. భూమి గలామె అదే భూమిలో గదులు ఊడుస్తుంది. ఇది బినామీ అని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆఫీసులో ఎవరికీ తెలీదు!

ఇక్కడ మనలో కొందరు అడిగే ప్రశ్న ఉంది. దాటేస్తే కుదరదు. 'ఏజెన్సీలో ఉన్న దళితులకి కూడా ఈ చట్టం భూమి కొననివ్వదు కదా. మేమూ పేదవాళ్ళమే కదా. ఈ చట్టం మాకెందుకు?' అంటారు. నిజమే, కొండల్లో కూలి చేసుకునే ఎస్సీ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళకి ఇల్లు కావాలి, బతుకుతెరువు కావాలి. అది సర్కారుని నిలదీసి తీసుకోవాల్సిన హక్కు. కానీ ఒక్కటి ఆలోచించండి. రేపు 1/70 ఎత్తేస్తే ఆ భూమి కొనేది ఎవడు? కూలికి పోయే మాలా? డప్పు కొట్టే మాదిగా? ఎకరానికి వాడు పలికే ధర మన చెవికి కూడా అందదు. మన పేదరికాన్ని ముందు నిలబెట్టి, మన భుజం మీద తుపాకీ పెట్టి ఆదివాసి మీద పేల్చే ఆట ఇది. మైదానంలో మన అసైన్డ్ భూములు ఎలా పోయాయో మర్చిపోయామా? 1977లోనే అసైన్డ్ భూమి అమ్మరాదు, కొనరాదు అని చట్టం వచ్చినా ఎంత భూమి చేయి దాటిపోయింది? చట్టం ఉండగానే అంత పోతే, లేకపోతే మిగిలేదేమిటి?

'చట్టం వల్లే అభివృద్ధి ఆగిపోయింది' అనేది ఇంకో మాట. దీనికి కాఫీ జవాబు చెబుతుంది. అదే కొండల్లో, అదే 1/70 కింద, చిన్న చిన్న కమతాల్లో ఆదివాసి కుటుంబాలు సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ పెంచాయి. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ కొట్టు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది. కాఫీ రైతుకి ధర సరిగ్గా అందుతోందా లేదా అన్నది వేరే కొట్లాట, అదీ చెయ్యాలి. కానీ పంట ఆ కొండ మీద, పట్టా ఆ ఇంటి పేరు మీద ఉండగానే పేరు సముద్రాలు దాటింది. చట్టం దానికి అడ్డం పడలేదు. ఆగింది అభివృద్ధి కాదు, కబ్జా.

అభివృద్ధి అంటే ఏమిటో చూద్దాం. వ్యూ పాయింటు దాకా కారు పోతుంది. దానికి అవతల గూడెంలో నొప్పులు పడుతున్న తల్లిని డోలీ కట్టి మోసుకొస్తున్నారని ఇంకా వార్తల్లో చదువుతూనే ఉన్నాం. టూరిస్టుకి రోడ్డు ముందు పడింది, బాలింతకి పడలేదు. సర్కారు బడిలో ఆదివాసి టీచర్లే ఉండాలని 2000లో ఇచ్చిన జీవో నెంబరు 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే పిల్లలకి వాళ్ళ భాషలో చదువు చెప్పే కొలువు పోతుంది, గెస్ట్ హౌస్‌లో ప్లేట్లు కడిగే కొలువు వస్తుంది. దీన్నా ఉపాధి అంటారు?

మరి ఏం చేద్దాం? టూరిజం వద్దందామా? అది అనాల్సింది మనం కాదు, కొండ మీద ఉన్న గ్రామసభ. 1996 పెసా చట్టం ఆ మాట చెప్పే అధికారం గ్రామసభకి ఇచ్చింది. ఏజెన్సీలో భూమి చేయి దాటకుండా ఆపే అధికారం, అన్యాయంగా పోయిన భూమిని వెనక్కి తెప్పించే అధికారం అందులో ఉన్నాయి. రాష్ట్రంలో 2011లో రూల్సు కూడా వచ్చాయి. చట్టం ఉంది. దాన్ని తెరిచి చదివి వినిపించే వాళ్ళు కావాలి.

సంఘాల్లో పనిచేసే మిత్రులు మూడు పనులు చెయ్యొచ్చు.

ఒకటి: రిసార్టు కనపడితే పట్టా అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఆ సర్వే నెంబరు ఎవరి పేరు మీద ఉంది, అనుమతి ఎవరిచ్చారు, గ్రామసభ తీర్మానం ఉందా? లేకపోతే 1/70 కేసులు వినే గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర అర్జీ వేయించండి. ఆదివాసి సంఘాలు ముందు నడవాలి, మనం పక్కన నడవాలి. మనం ముందు నడవకూడదు.

రెండు: గేటు దగ్గర లెక్క అడగండి. గుహకి, తోటకి, కొండకి టికెట్టు పెట్టారు. ఆ డబ్బులో ఊరి వాటా ఎంత? లెక్క ఊరి ముందు చదువుతున్నారా? సమత తీర్పులో గనుల లాభంలో కనీసం 20 శాతం ఆదివాసుల అభివృద్ధికి పక్కన పెట్టాలన్నారు. గనికి ఉన్న లెక్క గుహకి ఎందుకు ఉండకూడదు? గేటు తాళం, టికెట్టు పుస్తకం గ్రామసభ చేతికి రావాలని అడగాలి.

మూడు: మన సంగతి. పేట నుంచి బస్సు మాట్లాడుకుని కొండకి పోతున్నామా, ఆదివాసి ఇంట్లోనే దిగుదాం, ఆదివాసి చేతి వంటే డబ్బిచ్చి తిందాం. తేనె, పసుపు, కాఫీ సంతలో వాళ్ళ దగ్గరే బేరమాడకుండా కొందాం. అడగకుండా ఫోటో తీయొద్దు. సీసాలు, ప్లాస్టిక్కు వాళ్ళ గెడ్డలో పారెయ్యొద్దు. ధింసా చూడాలనిపిస్తే ఊరు పిలిస్తే పోదాం, వాళ్ళ పండక్కి పోదాం. డబ్బులు చూపించి ఆడమనొద్దు. ఎవడైనా 'ఏయ్, ఇంకోసారి' అంటే లేచి నిలబడి 'చాలు' అందాం. ఆ రాత్రి నేను అనలేకపోయిన మాట అది.

ఆ పెద్దామె పేరు నేను అడగలేదు. ఆటో వచ్చింది, ఎక్కి పోయారు. కానీ ఆమె నాకు చెప్పింది ఒక్కటే అనిపిస్తుంది. మనిషి కులం వల్లే బాబు కాడు, కూర్చున్న కుర్చీ వల్ల కూడా అవుతాడు. మనం తరతరాలుగా ఆ కుర్చీ ముందు నిలబడ్డవాళ్ళం. ఇవాళ నాలుగు డబ్బులు వచ్చి అదే కుర్చీలో కూర్చుంటే, దాన్ని విముక్తి అనుకుంటే, బాబాసాహెబ్ పేరు ఎత్తే అర్హత మనకి లేదు.

కొండకి పోదాం. పిల్లల్ని తీసుకుపోదాం. మంచు చూపిద్దాం, మేఘాలు చూపిద్దాం. గంటం దొర పేరు, మల్లు దొర పేరు చెబుదాం. ఈ రోడ్డు ఎవరు వేశారో చెబుదాం. ఈ కొండకి యజమానులు ఉన్నారని, వాళ్ళ ఇంటికి మనం చుట్టాలుగా వచ్చామని చెబుదాం. చుట్టం చూపుకి పోయినవాడు ఇంటిని బేరం పెట్టడు. ఎవడైనా బేరం పెడితే ఇంటివాళ్ళ పక్కన నిలబడి అడ్డం పడతాడు.